అమెరికా పేటెంట్ నోటీసు వచ్చింది, ఆ ఐడియా పాతదే: ఎలా నిరూపించాలి?

ప్రశ్న: మాది మాదాపూర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అమెరికాలోని చిన్న షాపులకు ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందా మీద ఇస్తున్నాం. దాని కోసం డెలావేర్‌లో కూడా ఒక కంపెనీ పెట్టాం. ఈమధ్య టెక్సాస్ నుంచి ఒక లాయర్ నోటీసు పంపారు. కస్టమర్ మధ్యలో వదిలేసిన ఆర్డర్‌ను సర్వర్‌లో దాచి, అతను వేరే కంప్యూటర్‌లో లాగిన్ అయినప్పుడు మళ్లీ చూపించే పద్ధతి మీద తన క్లయింటుకు పేటెంట్ ఉందట. 2007 మార్చిలో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు, 2008 మార్చిలో అసలు దరఖాస్తు వేశారు. 40 వేల డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకోవాలి, లేకపోతే కేసు వేస్తామంటున్నారు. నా పార్ట్‌నర్ 2002లోనే ఇక్కడ హైదరాబాద్‌లో పాత కంపెనీలో ఇలాంటిది రాశాడు. అది చూపిస్తే పేటెంట్ రద్దవుతుందా? డబ్బు కట్టేసి టెన్షన్ వదిలించుకోవడమే మంచిదా?
(పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: పేటెంట్ రద్దయ్యే అవకాశం ఉంది. అయితే మీ పార్ట్‌నర్ జ్ఞాపకం ఒక్కటే ఆధారమైతే అది కదలదు. అదే పద్ధతిని తేదీతో సహా వివరించే పాత మాన్యువలో, వ్యాసమో, న్యూస్‌గ్రూప్ (ఇంటర్నెట్‌లోని పాత చర్చా వేదిక) పోస్టో దొరికితే మాత్రం ఆ 40 వేల డాలర్ల బేరం పూర్తిగా మారిపోతుంది. అందుకని ఇప్పుడే డబ్బు కట్టకండి. అలాగని నోటీసును పక్కన పడేయనూ వద్దు.

అమెరికా చట్టంలో 102, 103 సెక్షన్ల ప్రకారం పేటెంట్ పొందే విషయం కొత్తదై ఉండాలి, ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడికి సులువుగా తట్టేది కాకూడదు. దరఖాస్తుకు ముందే లోకానికి అందుబాటులో ఉన్న సమాచారాన్ని ప్రయర్ ఆర్ట్ అంటారు. ఎగ్జామినర్ (దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు అధికారి) చూడని ప్రయర్ ఆర్ట్ తర్వాత బయటపడితే, మంజూరై ఏళ్లు గడిచిన పేటెంటైనా పోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఇలా జరగడానికి కారణముంది. ఎగ్జామినర్‌కు ఒక్కో దరఖాస్తు మీద దొరికే సమయం తక్కువ. ఆయన చేతికి ముందుగా అందేవి పాత పేటెంట్లు. 1980లు, 90లలో ప్రోగ్రామ్‌లు రాసినవాళ్లలో చాలామంది పేటెంట్ల జోలికే పోలేదు. వాళ్లు చేసిన పని మాన్యువల్స్‌లో, పత్రికల్లో, న్యూస్‌గ్రూపుల్లో, ఉచితంగా పంచుకున్న కోడ్‌లో ఉండిపోయింది. మీరు వెతకాల్సింది అక్కడే.

మీ వ్యాపారానికి దగ్గరగా ఉన్న కేసు ఒకటి చెబుతాను, ఎందుకంటే అందులో మీకు కావలసినవి చాలా ఉన్నాయి. ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్ తమ పేటెంట్ల కిందికే వస్తుందని సోవరేన్ అనే కంపెనీ పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద కేసులు వేసింది. ఆ పేటెంట్ల మూలం 1994 నాటిది. అమెజాన్ 2005లో 4 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే న్యూఎగ్ మాత్రం కట్టేది లేదంది. టెక్సాస్‌లో జ్యూరీ 25 లక్షల డాలర్లు చెల్లించమని తేల్చినా వెనక్కి తగ్గకుండా అప్పీలుకు వెళ్లింది. న్యూఎగ్ చూపించిన ప్రయర్ ఆర్ట్ పేరు కంప్యూసర్వ్ మాల్. వెబ్ పుట్టక ముందే, 1984లో, టెలిఫోన్ మోడెమ్ ద్వారా నడిచిన షాపింగ్ సేవ అది. కొనాలనుకున్న వస్తువు దగ్గర ఆర్డర్ అనే కమాండ్ ఇస్తే అది ఆ కస్టమర్ పేరు మీదున్న ఫైల్లో చేరేది. అన్నీ ఎంచుకున్నాక చెకౌట్ కమాండ్‌తో కొనుగోలు పూర్తయ్యేది. కార్ట్ బొమ్మ లేదు, బ్రౌజర్ లేదు, పని మాత్రం అదే. ఇది నిజంగా అలాగే నడిచిందని చెప్పడానికి 1989లోనూ 1994లోనూ అచ్చయిన వాడుకరి గైడ్ పుస్తకాలు దొరికాయి. 2013 జనవరిలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఉన్న పద్ధతిని ఇంటర్నెట్‌లోకి మార్చడం ఆ రంగంలో ఎవరైనా చేసే మామూలు పనే అని చెప్పి ఆ క్లెయిమ్‌లను (పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలను) కొట్టేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఈ విషయంలో జోక్యం చేసుకోవడానికి ఒప్పుకోలేదు.

ఆ గైడ్ పుస్తకాలను గుర్తుపెట్టుకోండి. మీకు కావలసింది అలాంటి కాగితం.

ఇక మీ పేటెంట్ దగ్గరికి వద్దాం. పేటెంట్ పేరు, ముందుండే సారాంశం, బొమ్మలు చూసి అది దేన్ని ఆక్రమిస్తోందో అంచనా వేయకండి. హక్కు ఉండేది చివర్లో అంకెలతో రాసే క్లెయిమ్‌లకే. మీరు పంపిన కాపీలో మొదటి క్లెయిమ్‌ను విడదీస్తే ఐదు ముక్కలు వచ్చాయి. వాడుకరి ఐడీతో ఆర్డర్‌ను సర్వర్ డేటాబేస్‌లో భద్రపరచడం, కనెక్షన్ తెగిపోతే దాన్ని అసంపూర్ణంగా గుర్తించడం, అదే మనిషి రెండో పరికరం నుంచి లాగిన్ అయ్యాడని తెలుసుకోవడం, అతను అడగకుండానే పాత ఆర్డర్‌ను తెర మీదికి తేవడం, అలా తెచ్చేటప్పుడు ధరలను తాజా ధరలతో సరిచూసి మారిన వాటిని విడిగా చూపించడం. ఒక్క పాత కాగితంలోనే ఈ ఐదూ ఉంటే కొత్తదనం లేదని పేటెంట్ పోతుంది. నాలుగే ఉంటే, మిగిలిన ఒక్కటి వేరే కాగితంలో ఉండి, ఆ రెండింటినీ కలపాలని నిపుణుడికి ఎందుకు తోస్తుందో కారణం చూపించగలిగితే 103 సెక్షన్ కింద పోతుంది. 2007లో కేఎస్ఆర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ కలపడం గురించి కోర్టులు మునుపటికంటే ఆచరణకు దగ్గరగా ఆలోచిస్తున్నాయి.

మీ ప్రశ్నలో "వదిలేసిన ఆర్డర్ మళ్లీ చూపించడం" అని రాశారు. ఆ ఐడియా పాతదని నాకూ తెలుసు. కానీ మీకు అడ్డం పడబోయేది ఐదో ముక్క, ధరల సరిచూపు. ఇలాంటి ముక్క చాలాసార్లు ఎగ్జామినర్ తిరస్కరించాక దరఖాస్తుదారు చేర్చినదై ఉంటుంది. అమెరికా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఆ దరఖాస్తు ఫైలంతా ఉచితంగా చదవొచ్చు. ఎగ్జామినర్ ఏ కారణంతో తిరస్కరించాడు, వాళ్లు ఏం మార్చారు, ఏం వాదించారు అన్నీ అందులో ఉంటాయి. వెతకడం మొదలుపెట్టే ముందు ఆ ఫైలు చదవండి. చివరికి ఏ ముక్కను చూసి పేటెంట్ ఇచ్చారో ఆ ముక్క కోసం వెతకండి. ఈ పని చేయకుండా నెలలు వెతికి, ఎగ్జామినర్ ముందే చూసి పక్కన పెట్టినదాన్నే మళ్లీ పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. ఆ శ్రమంతా వృథా. పనిలో పనిగా ఆ పేటెంట్ అమల్లో ఉండాలంటే కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజులు కట్టారో లేదో, నోటీసు పంపినవాళ్ల పేరు మీదే హక్కు బదిలీ అయి ఉందో లేదో కూడా చూసుకోండి.

తర్వాత తేదీ. మీ పేటెంట్ దరఖాస్తు 2013 మార్చి 16కు ముందుది కాబట్టి దానికి పాత చట్టం వర్తిస్తుంది. పాత చట్టంలో, అమెరికాలో దరఖాస్తు వేసిన రోజుకు ఏడాది కంటే ముందే అచ్చయినది దొరికితే, నేను అంతకుముందే కనిపెట్టాను అని వాళ్లు తప్పించుకునే వీలుండదు. ప్రొవిజనల్ 2007 మార్చిది కాబట్టి మీరు పెట్టుకోవలసిన గీత 2006 మార్చి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రొవిజనల్‌లో ఆ ఐదో ముక్క గురించి రాయకుండా 2008లో మాత్రమే చేర్చి ఉంటే, ఆ క్లెయిమ్‌కు 2007 తేదీ దక్కదు, గీత 2007 మార్చికి జరుగుతుంది. ప్రొవిజనల్ కాపీ తెప్పించి చదివితే ఏడాది కలిసి రావచ్చు.

ఇప్పుడు మీ పార్ట్‌నర్ 2002లో రాసిన ప్రోగ్రామ్ సంగతి. మీరు ఆశ పెట్టుకున్నది దీని మీదే, చిక్కులు ఎక్కువున్నదీ ఇక్కడే. పాత చట్టం ప్రకారం ఒక వస్తువును అమ్మడం, బహిరంగంగా వాడటం అమెరికాలో జరిగి ఉంటేనే లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో రాసి ఇక్కడి కస్టమర్లే వాడిన సాఫ్ట్‌వేర్ ఎంత పాతదైనా ఆ వాడకం మీ పేటెంట్ మీద పనిచేయదు. అచ్చయిన సమాచారానికి మాత్రం ఆ హద్దు లేదు, ప్రపంచంలో ఎక్కడ ప్రచురించినా చెల్లుతుంది. అంటే ఆ సాఫ్ట్‌వేర్ అమెరికా కస్టమర్‌కు అమ్మారా, లేదా దానికి బయటివాళ్లకు అందుబాటులో ఉన్న యూజర్ మాన్యువల్ కానీ, వెబ్‌సైట్‌లో వివరణ కానీ, పత్రికలో వ్యాసం కానీ ఉన్నాయా అన్నది తేలాలి. కంపెనీ లోపలే ఉండిపోయిన కోడ్ వల్ల లాభం లేదు. 2013 తర్వాతి దరఖాస్తులకైతే ఈ దేశం హద్దు తీసేశారు, మీ కేసుకు అది అందదు.

నేనే రాశాను, నాకు గుర్తుంది అన్న నోటి మాటను అమెరికా కోర్టులు చాలాకాలంగా నమ్మవు. 1892లో ముళ్లకంచె పేటెంట్ కేసులోనే సుప్రీంకోర్టు, ఏళ్ల తర్వాత చెప్పే జ్ఞాపకాలను ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పింది. సాక్షి మాటకు తోడుగా ఆనాటి ఈమెయిల్, బిల్లు, కోడ్ ఫైల్ తేదీ లాంటిది ఏదో ఒకటి ఉండాలి.

ఆధారం ఉంటే మాత్రం ఒక కుర్రాడి పనైనా వందల కోట్లను నిలబెట్టి అడుగుతుంది. వెబ్ పేజీలో కదిలే ప్రోగ్రామ్‌లను నడిపే పద్ధతి తమదని ఈయోలస్ అనే కంపెనీ మైక్రోసాఫ్ట్ మీద గెలిచి, 2003లో 52 కోట్ల డాలర్లకు పైగా తీర్పు తెచ్చుకుంది. బర్క్‌లీలో చదువుకున్న పెయ్ యువాన్ వెయ్ అంతకుముందే వయోలా అనే బ్రౌజర్ రాశాడు. 1993 మే నెలలో సన్ కంపెనీ ఇంజినీర్లకు దాన్ని చూపించాడు, రహస్యంగా ఉంచమన్న ఒప్పందం ఏదీ లేకుండా. ఈయోలస్ దరఖాస్తు 1994 అక్టోబరుది, అంటే ఏడాది దాటింది. 2005లో అప్పీలు కోర్టు ఈ ప్రదర్శనను లెక్కలోకి తీసుకోవాలంది. 2012లో టెక్సాస్‌లోని టైలర్‌లో ఇంకో విచారణలో వెయ్ సాక్ష్యం చెప్పాడు, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ కూడా వచ్చి చెప్పాడు. జ్యూరీ ఆ పేటెంట్లు చెల్లవంది. మీ పార్ట్‌నర్ 2006కు ముందు అమెరికాలో ఎవరికైనా, ఏ రహస్య ఒప్పందమూ లేకుండా, తన ప్రోగ్రామ్ చూపించాడా అని అడగండి. అలా చూపించినట్టు కాగితం ఉంటే నేను పైన చెప్పిన చిక్కు సగం తీరుతుంది.

ఎక్కడ వెతకాలి అంటే, పాత పేటెంట్లకు గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్ సరిపోతాయి. అసలు నిధి మిగతా చోట్ల ఉంది. 1980ల నుంచి ఉన్న యూజ్‌నెట్ (న్యూస్‌గ్రూపులు నడిచిన వ్యవస్థ) పోస్టులు గూగుల్ గ్రూప్స్‌లో ఇంకా వెతకొచ్చు. 1996 నుంచి వెబ్ పేజీల కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో ఉన్నాయి, కోర్టు కోసం అడిగితే వాళ్లు అఫిడవిట్ కూడా ఇస్తారు. ఇంటర్నెట్ ప్రమాణాల ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు 1969 నుంచి తేదీలతో సహా ఉన్నాయి. 2000 ప్రాంతపు ఈకామర్స్ సాఫ్ట్‌వేర్ల మాన్యువల్స్, సోర్స్‌ఫోర్జ్‌లోని పాత ఓపెన్ సోర్స్ షాపింగ్ కార్ట్‌ల కోడ్, వాటి రిలీజ్ నోట్స్ చూడండి. ధర మారితే కార్ట్‌లో హెచ్చరిక చూపించడం అన్నది అప్పటి డెవలపర్లు తప్పకుండా ఎదుర్కొన్న సమస్య. ఎవరో ఒకరు మెయిలింగ్ లిస్టులో అడిగి ఉంటారు, ఇంకొకరు జవాబు రాసి ఉంటారు. ఇప్పటి మాటలతోనే వెతకకండి. 2001లో "సేవ్డ్ కార్ట్", "పర్సిస్టెంట్ కార్ట్" అని రాసేవాళ్లు, అంతకు ముందు "షాపింగ్ బాస్కెట్" అనేవాళ్లు.

న్యూస్‌గ్రూప్ పోస్టు కోర్టులో నిలుస్తుందా అన్న అనుమానం వద్దు. సఫోక్ టెక్నాలజీస్ కేసులో ఒక కాలేజీ విద్యార్థి యూజ్‌నెట్‌లో ఎవరి సందేహానికో రాసిన జవాబును 2014లో ఫెడరల్ సర్క్యూట్ ప్రచురణగా ఒప్పుకుంది, ఆ క్లెయిమ్‌లు దానివల్లే పడిపోయాయి. 1986లో ఇన్ రీ హాల్ కేసులో, జర్మనీలోని ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగ్‌లో చేరిన ఒకే ఒక్క థీసిస్ కాపీ సరిపోయింది. కోర్టు చూసేది ఆసక్తి ఉన్న మనిషి మామూలు ప్రయత్నంతో దాన్ని అందుకోగలిగేవాడా లేదా అని. అందుకే 2016లో బ్లూ కాలిప్సో కేసులో, ఒక విద్యార్థి వ్యక్తిగత వెబ్ పేజీలో పెట్టిన రిపోర్టును ఒప్పుకోలేదు. దాన్ని ఎలా కనుక్కుంటారో చూపించే ఇండెక్స్ ఏదీ లేదు. మీకు ఏది దొరికినా, దాని తేదీతో పాటు అప్పట్లో దాన్ని జనం ఎలా చేరుకునేవాళ్లో కూడా అప్పుడే రాసిపెట్టుకోండి.

దొరికాక ఎక్కడ వాడాలి? నా సలహా ముందు లాయర్ జవాబుతోనే మొదలుపెట్టమని. ఒక వైపు క్లెయిమ్ ముక్కలు, ఎదురుగా పాత కాగితంలోని వాక్యాలు పెట్టి పట్టిక తయారుచేసి పంపితే, చిన్న మొత్తాల కోసం డజన్ల కొద్దీ నోటీసులు పంపేవాళ్లు చాలాసార్లు మీ జోలికి రారు. వాళ్ల బతుకుతెరువు ఆ పేటెంట్ మీద ఉంది, దాన్ని పందెం కాసే ఓపిక వాళ్లకుండదు. దానికీ లొంగకపోతే రెండు దారులు. ఎక్స్ పార్టే రీఎగ్జామినేషన్‌ను, అంటే పేటెంట్‌ను పేటెంట్ ఆఫీసే మళ్లీ పరిశీలించడాన్ని, ఎవరైనా, పేరు బయటపెట్టకుండా కూడా అడగొచ్చు. ఫీజు తక్కువ, చిన్న కంపెనీలకు తగ్గింపు ఉంది. కానీ వేశాక మీ పాత్ర అంతటితో అయిపోతుంది, పేటెంటుదారు క్లెయిమ్ మార్చుకుని బయటపడొచ్చు. న్యూజిలాండ్ నటుడు పీటర్ కాల్వలీ అమెజాన్ వన్ క్లిక్ పేటెంట్ మీద రీఎగ్జామినేషన్ కోరితే, 2007లో ఎగ్జామినర్ 26 క్లెయిమ్‌లలో 21 తిరస్కరించాడు. అమెజాన్ వాటి పరిధి తగ్గించుకుని 2010లో పేటెంట్ నిలబెట్టుకుంది. అయినా మీకు అది చాలు కావచ్చు, తగ్గిన పరిధిలో మీ సాఫ్ట్‌వేర్ పడకపోతే.

రెండోది ఐపీఆర్, అంటే పేటెంట్ ఆఫీసులోని జడ్జీల ముందు జరిగే పునఃపరిశీలన, 2012 సెప్టెంబరు నుంచి ఉంది. ఇక్కడ పేటెంట్లు, అచ్చయిన ప్రచురణలు మాత్రమే పనికొస్తాయి, పాత సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూపిస్తామంటే కుదరదు. పాడ్‌కాస్ట్ పేటెంట్‌ను ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఇలాగే పడగొట్టింది. 2013లో జనం దగ్గర చందాలు వసూలు చేసి పిటిషన్ వేసింది. సీఎన్ఎన్ ఇంటర్నెట్ వార్తల సేవ గురించి 1995లో ఎంఐటీలో వచ్చిన థీసిస్, కెనడా రేడియో సీబీసీ ప్రయోగం గురించిన వ్యాసం చూపించింది. 2015లో ఆ క్లెయిమ్‌లు పోయాయి, 2017లో అప్పీలులోనూ అదే తీర్పు. ఐపీఆర్‌లో నిరూపణ బరువు తక్కువ, ఏది ఎక్కువ నమ్మదగినదో తేలితే చాలు. కోర్టులోనైతే స్పష్టమైన, గట్టి ఆధారం కావాలని 2011లో ఐ4ఐ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఐపీఆర్ ప్రభుత్వ ఫీజే 50 వేల డాలర్లు దాటుతుంది, లాయర్ ఖర్చు అదనం. కోర్టు కేసు పత్రాలు అందిన ఏడాదిలోపే వేయాలి. 2025 నుంచి పేటెంట్ ఆఫీసు తన విచక్షణతో వీటిని మునుపటికంటే ఎక్కువగా తిరస్కరిస్తోంది కూడా. 40 వేల డాలర్ల నోటీసుకు ఒంటరిగా ఐపీఆర్ వేయమని నేను చెప్పను. అదే నోటీసు అందుకున్న ఇంకో నాలుగు కంపెనీలు కలిస్తే ఆలోచించండి. వాళ్లెవరో తెలుసుకోవడానికి ఆ పేటెంట్ మీద ఇదివరకు పడిన కేసుల జాబితా చూస్తే చాలు. ఒకవేళ కోర్టుకే వెళ్లాల్సి వస్తే, 2014 నాటి ఆలిస్ తీర్పును కూడా వాడాలి. పాత వ్యాపార పద్ధతిని కంప్యూటర్‌లో చేయించినంత మాత్రాన పేటెంట్ రాదన్న వాదన మీ క్లెయిమ్‌కు బాగానే అతుకుతుంది.

ఎవరి మీద ఎక్కడ కేసు పడుతుందో కూడా చూసుకోండి. 2017 నాటి టీసీ హార్ట్‌ల్యాండ్ తీర్పు వల్ల డెలావేర్ కంపెనీ మీద డెలావేర్‌లో కానీ, దానికి ఆఫీసు ఉండి ఉల్లంఘన జరిగిన చోట కానీ మాత్రమే వేయగలరు. మాదాపూర్ కంపెనీకి ఆ రక్షణ లేదు, విదేశీ కంపెనీ మీద అమెరికాలో ఏ జిల్లాలోనైనా వేయొచ్చు. అమెరికా కస్టమర్లతో ఒప్పందాల మీద సంతకం పెడుతున్నది రెండింటిలో ఏ కంపెనీయో ఈ వారమే లాయర్‌కు చెప్పండి.

ఆ పేటెంట్‌కు భారత్‌లో జత దరఖాస్తు ఉందో లేదో ఒకసారి వెతకండి. అమెరికా పేటెంట్ ఇక్కడ చెల్లదు. మన పేటెంట్ చట్టం 3(కె) సెక్షన్ కింద వ్యాపార పద్ధతికి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే 25(1) కింద ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు, ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంట్ ఆఫీసు. ఇక్కడి పేటెంట్ చూపించి ఆధారం లేకుండా బెదిరిస్తే 106 సెక్షన్ కింద మీరే దావా వేసి నష్టపరిహారం అడగొచ్చు.

నోటీసు అందిన రోజు నుంచి కోడ్, ఈమెయిల్స్, వాట్సాప్ గ్రూప్ మెసేజ్‌లు ఏవీ చెరిపేయకండి, చెరిపేస్తే అదే మీకు ఎదురు తిరుగుతుంది. "మనది కూడా అదే కదా" అన్న మాట ఆఫీసు చాట్‌లో ఎవరూ రాయొద్దు. తెలిసి ఉల్లంఘించారని తేలితే కోర్టు పరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచగలదు. మీ పార్ట్‌నర్ ఉత్సాహంతో పాత కంపెనీ కోడ్ ఉన్న హార్డ్ డిస్క్ తీసి మీకిచ్చే ముందు, అప్పట్లో తాను సంతకం చేసిన గోప్యత ఒప్పందాన్ని లాయర్‌కు చూపించాలి. ఆ కంపెనీని మర్యాదగా అడిగి మాన్యువల్ కాపీ, దాన్ని కస్టమర్లకు ఏ నెలలో పంపారో చెప్పే ఉత్తరం తీసుకోవడం అన్నిటికంటే మేలు.